గుంటూరు డ్రమ్స్ క్లాసులో ‘గురెంగె’

బ్రాడీపేటలో నేను డ్రమ్స్ నేర్పే గదికి వచ్చే పిల్లలు మొదటి రోజే ఒక పాట పేరు చెబుతారు. ఎక్కువగా అది ఆ నెలలో వచ్చిన సినిమా పాట అయి ఉంటుంది. 2025 సెప్టెంబరులో పట్టాభిపురం నుంచి వచ్చిన పదో తరగతి అమ్మాయి మాత్రం పేరు చెప్పలేదు. ఫోను తీసి స్నేర్ (కర్రలతో వాయించే చిన్న డ్రమ్ము) పక్కన స్టూలు మీద పెట్టి, “ముందు వినండి మాస్టారూ, తర్వాత చెబుతాను” అంది. అప్పుడే ‘డీమన్ స్లేయర్’ అనే జపాను యానిమే (కదిలే బొమ్మల) సినిమా తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది. ఆ అమ్మాయి విజయవాడ వెళ్లి వాళ్ల బాబాయితో కలిసి రెండుసార్లు చూసి వచ్చింది. నాకు వినిపించింది ఆ సినిమా పాట కాదు. దానికి ముందు టీవీలో వచ్చిన కథ మొదటి సీజన్‌కు శీర్షిక గీతం. పేరు ‘గురెంగె’. పాడింది జపాను గాయని లిసా.

పెళ్లిళ్లలోనూ వినాయక చవితి పందిళ్లలోనూ 26 ఏళ్లుగా డ్రమ్స్, ప్యాడ్స్ వాయిస్తున్నాను. గట్టిగా వాయించే పాటలు నాకు కొత్త కాదు. జనం అలిసిపోయిన రాత్రి పదకొండు గంటల వేళ వాళ్లను మళ్లీ కుర్చీల్లోంచి లేపాలంటే ఏ పాట వేయాలో మా ఆర్కెస్ట్రాలో అందరికీ తెలుసు. అందుకే ఆ అమ్మాయి “ఇది చాలా పవర్‌ఫుల్ పాట” అన్నప్పుడు మొదటి దెబ్బే తల మీద పడుతుందనుకున్నాను. అలా జరగలేదు. పాట ఒక గొంతుతో మొదలైంది. ఒకే ఒక్క వాక్యం. బలపడటానికి కారణమేమిటో తెలుసుకున్నాను, నన్ను వెంటబెట్టుకుని ముందుకు నడువు అన్నది దాని సారాంశం. గిటార్లు, డ్రమ్ములు విరుచుకుపడింది ఆ తర్వాతే.

ఆ రోజు క్లాసు అయిపోయాక ఆ మొదటి వాక్యాన్ని పది సార్లు విన్నాను. ఈ సమీక్షలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది దాని గురించే.

మన సినిమా పాటలో పల్లవి ఉంటుంది, చరణం తర్వాత తిరిగి వస్తుంది, శ్రోతకు అదే ఇల్లు. ఈ పాటలో ఆ తొలి వాక్యం పల్లవి కాదు. మొదట ఒంటరిగా వినిపిస్తుంది. తర్వాత చరణం నడుస్తుంది, గొంతు కింది స్థాయిలోనే తిరుగుతుంది, వణికే చేతుల గురించి, బురద పట్టిన జ్ఞాపకాల గురించి చెబుతుంది. చరణం ముగియగానే అదే వాక్యం మళ్లీ వస్తుంది. ఈసారి వెనుక వాద్యాలన్నీ ఉంటాయి. దాని మీద కాలు పెట్టి గొంతు ఒక్కసారిగా పైకి దూకుతుంది. అసలు పల్లవి అక్కడ మొదలవుతుంది. ఇక ఆ తర్వాత పాట చివరి వరకు ఆ వాక్యం మళ్లీ రాదు. నాలుగు నిమిషాల పాటలో రెండే సార్లు. ఇంత మంచి వాక్యం నా చేతికి దొరికి ఉంటే ఎనిమిది సార్లు పాడించేవాణ్ణి. మా ఆర్కెస్ట్రాలో ఎవరైనా అదే చేస్తారు. ఇక్కడ ప్రతిజ్ఞ ఒకసారి మనసులో అనుకున్నట్టు, ఒకసారి పైకి అన్నట్టు వినిపిస్తుంది. అంతే. ఆపైన ఉన్నదంతా దాన్ని నిలబెట్టుకోవడానికి పడే పాట్లు.

పల్లవిలో గొంతు దూకే మొదటి మాట ‘దోషితత్తె’. ఏం చేసినా సరే అన్న అర్థం. ఆ అమ్మాయి నోటు పుస్తకంలో ఈ పాట మొత్తం తెలుగు లిపిలో రాసుకుంది, ఎదుటి పేజీలో తెలుగు అర్థం. జపాను మాటలు మన లిపిలో ఎంత హాయిగా కూర్చున్నాయో చూస్తే ముచ్చటేసింది. ఒక్క ‘న్’ తప్ప వాళ్ల మాటలన్నీ అచ్చులతోనే ముగుస్తాయి, మన అచ్చ తెలుగు మాటల్లాగే. వాళ్లూ మాత్రల లెక్కనే అక్షరాలు కొలుస్తారు. ‘దోషితత్తె’లో ‘త్త’ ద్విత్వం ఉంది. మన ఛందస్సులో ద్విత్వానికి ముందున్న అక్షరం గురువు అవుతుంది. జపాను భాషలోనూ ఆ ఒత్తుకు ఒక మాత్ర కాలం ఇస్తారు. గురువు, లఘువు, గురువు, లఘువు. లిసా ఆ మాటను పాడేటప్పుడు ఆ ఒత్తు దగ్గర గాలి ఒక్క క్షణం ఆగుతుంది, పళ్ల వెనుక బిగబట్టినట్టు. ఆ చిన్న ఆగడంలోనే మాటకు దెబ్బ వస్తుంది. మెత్తని అక్షరాలున్న మాట అక్కడ పెట్టి ఉంటే అంత ఎత్తు నుంచి పాడినా అది అరుపుగానే మిగిలేది.

ఆ మాటలు రాసింది లిసాయే. స్వరపరచింది కుసనో కయోకో అనే మరో గాయని. వాద్యాల కూర్పు ఎగుచి ర్యో. జపానులో పాట కట్టినవారి పేరు, వాద్యాలు కూర్చినవారి పేరు విడివిడిగా ముద్రిస్తారు. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. స్టూడియోలో కూర్చుని ఎక్కడ వయొలిన్ రావాలో, ఎక్కడ బేస్ ఆగాలో రాసిన మనుషుల శ్రమ మీద బతికినవాణ్ణి నేను. వాళ్ల పేర్లు మన క్యాసెట్ అట్టల మీద ఎంత వెతికినా తరచుగా దొరికేవి కావు.

వాద్యాల కూర్పులో నన్ను ఆశ్చర్యపరచింది వేగం. వింటున్నప్పుడు పాట పరుగెడుతున్నట్టు ఉంటుంది. నిమిషానికి 160 దెబ్బలైనా ఉంటుందని పందెం కాసేవాణ్ణి. వేగం కొలిచే మెట్రోనోమ్ పెట్టి చూస్తే దాదాపు 135. మనం వాయించే డాన్సు పాటలు చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. మరి ఆ పరుగు ఎక్కడిది? కొంత గిటార్ల నుంచి వస్తుంది, అవి ఒక్కో దెబ్బను నాలుగు ముక్కలు చేసి గీస్తూ పోతాయి. కొంత మాటల నుంచి, ఖాళీ లేకుండా అక్షరం మీద అక్షరం పడుతుంది. కింద కాలం స్థిరంగా నడుస్తుంటే పైన అక్షరాలు తరుముకుంటూ వెళతాయి. తాళం చతురశ్రమే. ఆది తాళం వేసుకుంటూ వినవచ్చు, ఎక్కడా తప్పిపోరు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు నేను ఈ పాటను ధైర్యంగా ఇవ్వడానికి అదొక కారణం. లెక్క కష్టం కాదు. ఓపిక కష్టం.

డ్రమ్స్ వాయించేవాళ్లకు ఒక మాట. చరణంలో చేతులు దగ్గర పెట్టుకోండి. హై-హ్యాట్ (కాలితో మూసే జంట పళ్లేలు) మూసే ఉంచి, స్నేర్ మీద దెబ్బ పొట్టిగా వేయండి. మొదటిసారి వాయించే ప్రతి పిల్లవాడూ చరణంలోనే బలమంతా ఖర్చు పెట్టేస్తాడు. పల్లవి వచ్చేసరికి క్రాష్ (గట్టిగా మోగే పెద్ద పళ్లెం) కొట్టినా తేడా తెలియదు. గది ఎంత ఉంటే శబ్దం అంతే ఉంటుంది, దానికన్నా పెరగదు. కింద ఎంత జాగా వదిలిపెడితే పైన అంత ఎత్తు కనిపిస్తుంది. ఈ పాట కట్టినవారు ఆ జాగాను చాలా శ్రద్ధగా వదిలారు.

మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే మిత్రుడు కొత్తపేటలో ఉంటాడు. ఒక ఆదివారం అతని ఇంటికి తీసుకెళ్లి వినిపించాను. రెండోసారి వింటూనే వేళ్లతో పట్టేశాడు. “మైనర్ ఇది, మన నఠభైరవి రాగం స్వరాలు” అన్నాడు. శుద్ధ ధైవతం, కైశికి నిషాదం, సాధారణ గాంధారం. ఆ స్వరాలను మేము ఇన్నాళ్లూ ఎక్కువగా విషాద గీతాలకే వాయించాం, నెమ్మదిగా, తీగలు లాగుతూ. అవే స్వరాలు ఇక్కడ పిడికిలి బిగించి నిలబడ్డాయి. దుఃఖం ఎక్కడికీ పోలేదు, స్వరాల్లోనే ఉంది. కాలం మాత్రం దాన్ని కూర్చుని ఏడవనివ్వలేదు. కథ కూడా అలాంటిదే కదా. కొండ మీద బొగ్గులు కాల్చి అమ్ముకునే పిల్లవాడు ఇంటికి వచ్చేసరికి కుటుంబం హతమై ఉంటుంది. మిగిలిన చెల్లెలు రాక్షసిగా మారుతుంది. ఆమెను మళ్లీ మనిషిని చేయడానికి వాడు కత్తి పడతాడు. గొతౌగె కొయొహరు 2016 నుంచి 2020 వరకు వారపత్రికలో బొమ్మల కథగా రాసి గీసిన దాన్ని, 2019 ఏప్రిల్‌లో టీవీలోకి తెచ్చారు. ఆ మొదటి సీజన్‌లో 26 ఎపిసోడ్లు. వాటికి తలుపు తీసే పాట ఇదే.

టీవీలో పాటకు దొరికేది సుమారు ఒకటిన్నర నిమిషం. ఆ లోపలే తొలి వాక్యం, వాద్యాల ప్రవేశం, చరణం, మళ్లీ ఆ వాక్యం, పల్లవి, అన్నీ పట్టాలి. పట్టించారు. మన పాటల్లో పల్లవికి ముందు వచ్చే బిట్ ఒక్కటే కొన్నిసార్లు నలభై సెకన్లు ఉంటుంది. ఈ కుదింపు నాకు మొదట ఊపిరాడనట్టు అనిపించింది. పూర్తి పాట విన్నాక అర్థమైంది, ఆ ఒకటిన్నర నిమిషం ముందు గట్టిగా కట్టిన పునాది, మిగతా రెండున్నర నిమిషాలు దాని మీద విశాలంగా వేసిన అంతస్తు. టీవీ ముక్క మాత్రమే విన్నవాళ్లు తప్పకుండా పూర్తి పాట వినాలి. ఎందుకంటే రెండో సగంలో ఒక వాక్యం ఉంది. పుట్టుకతో ప్రతిభ ఉన్న పువ్వు కన్నా, పట్టు విడవకుండా ప్రయత్నించి పూసిన ఒక్క పువ్వే అందమైనదని. ఆ అమ్మాయి నోటు పుస్తకంలో దాని కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు ఉన్నాయి. నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

పువ్వు అంటే ఇక్కడ ఏ పువ్వో చెప్పాలి. ‘రెంగె’ అంటే తామర పువ్వు. ‘గురెన్’ అంటే ఎర్ర తామర, మండే మంట రంగుకూ అదే మాట. బౌద్ధ గ్రంథాల్లో చలి నరకాలు ఎనిమిది, వాటిలో ఒకదాని పేరు పద్మం. అక్కడి చలికి ఒళ్లు పగిలి, ఎర్ర తామర రేకుల్లా విచ్చుకుంటుందట. జపానువాళ్లు ఆ పద్మాన్నే గురెన్ అన్నారు. అంటే ఆ ఒక్క మాటలో పువ్వూ ఉంది, మంటా ఉంది, పగిలిన చర్మమూ ఉంది. పాట చివర ఆ పువ్వునే వికసించమంటారు, దాని వెలుగులో విధిని చూపమంటారు. ఇది తెలిశాక నాకు అమరావతి గుర్తొచ్చింది. మన గుంటూరు పిల్లలందరూ స్కూలు విహారయాత్రల్లో ఒక్కసారైనా వెళ్లి వస్తారు. అక్కడి స్తూపం ప్రాకారపు స్తంభాల మీద గుండ్రంగా, రేకు మీద రేకు చెక్కిన పద్మాలు ఉంటాయి. వాటిలో చాలా రాళ్లు చెన్నై మ్యూజియంకు, లండన్‌కు వెళ్లిపోయాయి, మిగిలినవి మన దగ్గర ఉన్నాయి. కృష్ణ ఒడ్డున రెండు వేల ఏళ్ల కిందట రాతిలో పూసిన ఆ పువ్వు పేరు, బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాను చేరి, అక్కడి రాక్ పాటకు పేరై, ఒక పదో తరగతి అమ్మాయి ఫోనులో బ్రాడీపేటకు తిరిగి వచ్చింది. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని, “అయితే ఇది మన మాటే మాస్టారూ” అంది.

గొంతు గురించి. లిసా గిఫు ప్రాంతపు మనిషి. 2010లో ఒక యానిమే కథలోని బ్యాండు గాయని పాత్రకు పాటల గొంతు ఇచ్చి గుర్తింపు తెచ్చుకుంది, 2011 నుంచి సొంత పేరుతో పాటలు విడుదల చేస్తోంది. అంటే ‘గురెంగె’ నాటికి ఎన్నో ఏళ్లు వేదికల మీద బ్యాండు ముందు నిలబడి పాడిన గొంతు అది. డ్రమ్స్ ముందు నిలబడి పాడటం ఎంత కష్టమో మా గాయనీమణులను అడగాలి. వెనుక నుంచి వచ్చే శబ్దానికి గొంతు తనకు తానే వినబడదు, బలవంతంగా పెంచితే రెండు పాటలకే బొంగురు పోతుంది. లిసా పై స్థాయిలో గొంతుకు గరుకు తెస్తుంది కాని శృతి వదలదు. మాట చివర గొంతును కావాలని కాస్త పగలనిస్తుంది, తర్వాతి మాట శుభ్రంగా అందుకుంటుంది. 2019 చివర్లో ఆమె ఈ పాటను తెల్లటి గదిలో ఒకే మైకు ముందు, ఒకే టేకులో పాడిన వీడియో ఉంది, శీర్షిక ‘ది ఫస్ట్ టేక్’. పాట నేర్చుకునే పిల్లలకు నేను అసలు రికార్డు కన్నా ముందు అదే చూపిస్తున్నాను. మొదటి వాక్యానికి ముందు ఆమె ఊపిరి తీసుకోవడం వినబడుతుంది. ఆ ఊపిరి ఎంత పొడవుందో అంతే ప్రశాంతంగా పాట మొదలుపెట్టాలి. అదే ఏడాది డిసెంబరు 31న జపానులో ఇంటిల్లిపాదీ చూసే కొహకు ఉత గస్సెన్ కార్యక్రమంలో ఆమె మొదటిసారి పాడింది, ఈ పాటే.

లోపాలు లేవని అనను. రికార్డింగు మరీ బిగించి కలిపారు. గిటార్లు, సింథ్, స్నేర్ అన్నీ ఒకే ఎత్తులో గోడలా నిలబడతాయి. బీసెంట్ రోడ్డులో కొన్న నా మామూలు ఇయర్‌ఫోన్లలో పల్లవి దగ్గర బేస్ గిటారు దాదాపు మాయమైంది. మిత్రుడి ఇంట్లో పాత పెద్ద స్పీకర్ల మీద విన్నప్పుడే అది ఎంత చురుగ్గా నడుస్తోందో తెలిసింది. మీ దగ్గర కాస్త మంచి స్పీకర్లు ఉంటే వాటి మీదే వినండి. ఫోను స్పీకరు మీద వింటే సగం పాటే విన్నట్టు. రెండో చరణంలో ఇంగ్లీషు మాటలతో ప్రశ్న మీద ప్రశ్న వేసే చోటు నాకు ఇప్పటికీ నచ్చలేదు. పాటంతా సొంత మాటల్లో నిలబడి ఉండగా అక్కడొక్కటే అద్దె చొక్కా వేసుకున్నట్టు ఉంటుంది. ఆ అమ్మాయికి మాత్రం అదే ఇష్టం, అక్కడ గొంతు కలిపి అరుస్తుంది. ఈ విషయంలో మా ఇద్దరికీ రాజీ కుదరలేదు.

ఆ తర్వాత ఒక చిన్న భాగం వస్తుంది. ఎవరికీ తెలియకుండా రాలిపోయేవాళ్ల గురించి, ఎవరో నవ్వే నీడ, ఎవరో ఏడ్చే గొంతు, అందరూ కోరుకునేది సుఖమే అని. ‘ఎవరో, ఎవరో, అందరూ’ అని ఒకే మూలం నుంచి వచ్చిన మాటలను వరుసగా పేర్చారు. అక్కడి నుంచి సరాసరి ‘దోషితత్తె’కు దూకుతారు. చివరి పల్లవిలో, అంతకు ముందు విన్నదే మళ్లీ వింటున్నా, ఒక వాక్యం నాకు వేరుగా వినిపించింది. ఎవరికోసమైనా బలపడగలిగితే, దుఃఖమా, నీకు కృతజ్ఞతలు. మా అన్నయ్య బేస్ గిటారు వాయించేవాడు. నన్ను ఆర్కెస్ట్రాలోకి తెచ్చింది ఆయనే. 2021 మే నెలలో పోయాడు. ఎనిమిది నెలలు నేను కర్రలు ముట్టుకోలేదు. ఆ తర్వాత క్లాసు తెరిచింది పిల్లలకు నేర్పడానికే అని అందరికీ చెప్పాను. నిజానికి మా అన్నయ్య నాకు నేర్పినట్టు ఎవరికైనా నేర్పకపోతే నేను నిలబడలేనని తెరిచాను. దుఃఖానికి కృతజ్ఞత చెప్పడం నాకు ఇంకా చేతకాదు. కాని ఆ వాక్యం పాడుతున్నప్పుడు లిసా గొంతులో తీపి లేదు, ఓదార్పు లేదు. పళ్లు బిగించి చెబుతుంది. అందుకే నమ్మాను.

ఈ పాట 2019 ఏప్రిల్‌లో డిజిటల్‌గా, జూలైలో సీడీగా విడుదలైంది. జపానులో పది లక్షల డౌన్‌లోడ్లు దాటింది. మనకు ఇప్పుడు పాటల యాప్‌లలో సులువుగా దొరుకుతుంది. నిడివి నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ. రాక్ సంగీతం అంటే గోల అని విసుక్కునే పెద్దలకు నేను మొదటి వాక్యం వరకే వినిపిస్తాను. ఇంతవరకు ఎవరూ అక్కడ ఆపమనలేదు. మా అమ్మ కూడా పూర్తిగా విని, “ఆ పిల్ల ఎవరి మీదో పంతం పట్టింది” అంది.

మా విద్యార్థిని ప్రస్తుతం పాటను 135లో వాయించడం లేదు. మొదట 90కి తగ్గించాను, సంక్రాంతి సెలవుల తర్వాత 110, ఇప్పుడు 118. చరణం చక్కగా ఆపుకుంటోంది. ‘దోషితత్తె’ దగ్గర ఇంకా ముందుకు తోసేస్తోంది, ఒత్తు మీద ఉన్న మాత్రను మింగేసి దెబ్బ వేసేస్తోంది. మొన్న శనివారం క్లాసులో కరెంటు పోయింది. స్పీకరు ఆగింది, ఫ్యాను ఆగింది. తను ఆపలేదు. గొంతుతో పాడుకుంటూ వాయించింది. ఆ మాట దగ్గరికి వచ్చి, నోరు బిగించి, ఒక్క మాత్ర ఆగి, క్రాష్ మీద కొట్టింది. సరిగ్గా పడింది. “మళ్లీ వాయించు” అన్నాను.